పాత లోగాన్ కొని తిరుమల కొండ ఎక్కించాలంటే

పోయిన నెల పలమనేరు నుంచి మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, వెరిటో ఒకటి వచ్చింది. డీజిల్ బండి, 2012 మోడల్. లక్షా ఇరవై వేలు చెప్తా ఉండారు. ఈ బండ్లు ఇప్పుడు రావడం లేదు కదా, సామాన్లు దొరకవంటా ఉండారు అందరూ. తీసుకోమంటావా, వద్దంటావా?" అని. వెరిటో అంటే మహీంద్రా కారు, పాత లోగాన్‌కే తర్వాత పెట్టిన పేరు.

వాడికి గంటసేపు చెప్పాను. మరుసటి రోజు మళ్లీ అవే అడిగాడు. అందుకే అంతా రాసి పెడదామనుకున్నాను. వాడిలాగా ఆలోచనలో ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు, వాళ్లకూ పనికొస్తుంది.

నేను మెకానిక్‌ని కాను. తిరుపతిలో హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. మా నాయనకు చిత్తూరులో బెల్లం మండీ ఉండేది. 2008లో ఆయన కొన్న లోగాన్ డీజిల్ బండి ఏపీ 03 నంబరు ప్లేటుతో ఇప్పటికీ మా ఇంటి ముందే ఉంది. డిక్కీ 510 లీటర్లు. బెల్లం మూటలు పట్టే కారు కావాలని ఆయన అడిగితే అప్పట్లో ఆ ధరలో ఇంత డిక్కీ ఉన్నది ఇదొక్కటే కనిపించిందట. 2018లో నాయనకు చూపు తగ్గి నడపడం మానేశాక బండి నా చేతికొచ్చింది. ఇప్పటికి 2,14,000 కిలోమీటర్లు తిరిగింది. బండితో పాటు ఇంకొకటి కూడా ఇచ్చాడు నాయన: మండీలో వాడే పొడుగాటి ఎర్ర అట్ట ఖాతా పుస్తకం. ఏ రోజు డీజిల్ పోయించాడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఆయిల్ మార్చాడు, ఏ బుష్ వేయించాడు, ఎంత ఇచ్చాడు, అన్నీ అందులో ఉన్నాయి. నేను చెప్పేదాంట్లో సగం ఆ పుస్తకం నుంచే.

ముందు ఈ బండి పేర్లన్నీ తెలుసుకోండి

పాత బండి కొనేవాడికి పేర్ల చరిత్ర ఎందుకు అనిపించవచ్చు. సామాన్లు దొరకడం, దొరకకపోవడం అంతా ఇక్కడే ఉంది కాబట్టి మొదట ఇదే చెప్తున్నాను.

ఫ్రాన్సుకు చెందిన రెనో 1999లో రుమేనియాలోని డాచియా అనే కార్ల కంపెనీని కొనుక్కుంది. 5,000 యూరోలకు అమ్మగలిగే కుటుంబ కారు చేయాలని పెట్టుకున్నారు. 2004లో రుమేనియాలోని మియోవేని ఫ్యాక్టరీ నుంచి డాచియా లోగాన్ బయటికొచ్చింది. అదే బండి రష్యాలో, బ్రెజిల్లో రెనో లోగాన్. మెక్సికోలో నిస్సాన్ అప్రియో. ఇరాన్‌లో టొండర్ 90. పారసీకంలో టొండర్ అంటే ఉరుము. ఇదే కుటుంబంలోని పొడుగు బండి 2012 నుంచి రష్యాలో లాడా లార్గస్ అయింది. మన దగ్గర 2007లో నాసిక్ ఫ్యాక్టరీ నుంచి మహీంద్రా రెనో లోగాన్‌గా వచ్చింది. 2010లో రెనో వాటాను మహీంద్రా తీసుకుంది. 2011లో పేరు వెరిటో అయింది. తోక కత్తిరించి నాలుగు మీటర్ల లోపు చేసిన వెరిటో వైబ్ 2013లో వచ్చింది. 2020లో బీఎస్ 6 అనే కొత్త పొగ నియమాలు వచ్చేసరికి ఈ డీజిల్ బండి కథ మన దేశంలో ముగిసింది.

పేర్లు ఇన్ని ఉన్నా లోపలి మనిషి ఒక్కడే. ధర తగ్గించాలని మొదటి నుంచీ తేలికగా చేశారు దీన్ని. డ్యాష్‌బోర్డ్ ఒకే అచ్చులో పోసిన ముక్క. ముందు అద్దం వంపు తక్కువ. వెనక చూసుకునే పక్క అద్దాలు కుడికీ ఎడమకీ ఒకే అచ్చువి, కాబట్టి షాపులో ఎడమది లేదంటే వెనక్కి తిరక్కుండా కుడిది చూపించమనండి. ఇన్ని సంవత్సరాల్లో మా బండిలో ఎలక్ట్రానిక్ తంటాలు చాలా తక్కువ రావడానికి కారణం, పాడవడానికి అందులో అసలు పెద్దగా ఏమీ లేకపోవడమే.

డీజిల్ ఇంజన్ 1,461 సీసీ, 65 హార్స్ పవర్. రెనో దీన్ని కే9కే అని పిలుస్తుంది. ఈ మూడక్షరాలు గుర్తుపెట్టుకోండి. ఇదే కుటుంబం ఇంజన్ మన దేశంలో డస్టర్‌లో, టెర్రానోలో, మైక్రాలో, సన్నీలో ఉంది. బయటి దేశాల్లో మెర్సిడెస్ కూడా తన చిన్న కార్లలో పెట్టుకుంది. వీటన్నిటిలో ఇంజన్ అచ్చంగా ఒకటి కాదు; పవర్ వేరు, పంపు వేరు, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు వేరు ఉండవచ్చు. కానీ చాలా భాగాలు కలుస్తాయి.

అందుకని షాపుకు పోయి "వెరిటోకు వాటర్ పంపు ఉందా" అని అడగొద్దు. నేను అట్లనే అడిగి మూడు షాపుల్లో లేదనిపించుకున్నాను. నాలుగో షాపులో, పాత పంపు మీద చెక్కిన పదంకెల నంబరు ఫోటో చూపించాను. కుర్రవాడు లోపలికి పోయి రెండు నిమిషాల్లో డబ్బా తెచ్చాడు. డబ్బా మీద నా బండి పేరు లేదు, వేరే కారు పేరుంది. నంబరు మాత్రం అదే. రెనో భాగాల నంబర్లు చాలా వరకు 77తోనో 8200తోనో మొదలవుతాయి. పాత భాగం విప్పగానే తుడిచి నంబరు ఫోటో తీసుకోండి. అది చెరిగిపోయి ఉంటే ఇంజన్ మీద కే9కే పక్కన ఉండే మూడంకెలు రాసుకుపోండి.

తలుపులు, బంపర్లు, లైట్ల లాంటివి మాత్రం వెతకాల్సిందే. మద్రాసులో పుదుపేట, బెంగళూరులో జేసీ రోడ్డు మనకు దగ్గర. 2012లో వెరిటో ముఖం మార్చారు, కాబట్టి హెడ్‌లైటు తీసుకునేటప్పుడు మీది అంతకు ముందుదా తర్వాతదా చెప్పండి.

చూడ్డానికి పొద్దున్నే పోండి

బండి ఓనరుకు ముందురోజే చెప్పండి: "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దండీ" అని. పోగానే బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే మాట్లాడకుండా ఇంకో రోజు పోండి. డీజిల్ బండి నిజం చెప్పేది చల్లగా ఉన్నప్పుడే. ఈ ఇంజన్ బాగుంటే మన ఊరి వాతావరణంలో ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. మొదట కొంచెం గరగర సహజం. తెల్ల పొగ, నీలం పొగ ఆగకుండా వస్తుంటే సహజం కాదు. ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ మూత తిప్పి పైన వదులుగా పెట్టండి. అది ఎగిరెగిరి పడుతుంటే లోపల రింగులు అరిగాయని.

క్లచ్ చాలా పైకి వచ్చాక పట్టుకుంటోందా, స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా పోనిస్తే ముందు చక్రాల దగ్గర టక్ టక్ అంటోందా, గతుకుల్లో ముందు నుంచి గూడు కదిలినట్టు చప్పుడొస్తోందా చూడండి. మూడోది ఎక్కువ బండ్లలో ఉంటుంది. చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు గానీ, లింక్ రాడ్డు గానీ పోయి ఉంటాయి. అది పెద్ద ఖర్చు కాదు, బేరానికి పనికొస్తుంది.

మన ప్రాంతంలో కొనేవాళ్లు తప్పకుండా చూడాల్సింది మాత్రం నీళ్లు. 2021 నవంబరులో తిరుపతిలో కురిసిన వాన మర్చిపోయేది కాదు. వీధుల్లో కార్లు పడవల్లా తేలాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేశారు. మద్రాసులో 2015లో ఒకసారి, 2023 డిసెంబరులో ఇంకోసారి మునిగాయి. అక్కడి బండ్లు మనకు చాలా వస్తాయి. మునిగిన బండిని శుభ్రంగా కడిగి, సెంటు కొట్టి, కొత్త సీటు కవర్లు వేసి అమ్ముతారు. వాళ్లు కడగనిది ఒకటుంటుంది, సీటు బెల్టు. దాన్ని చివరి దాకా లాగండి. రోజూ బయటికి రాని ఆ చివరి మూరలో మట్టి రంగు గీత ఉంటే నీళ్లు అక్కడిదాకా వచ్చాయన్నమాట. తర్వాత ముందు సీటు కింద కార్పెట్ ఎత్తి ముక్కు పెట్టి వాసన చూడండి. సీటు పట్టాల బోల్టులకు తుప్పు, హెడ్‌లైటు లోపల ఆవిరి మరక, డిక్కీ కార్పెట్ కింద మూలల్లో మెత్తటి ఒండ్రు కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా వద్దు. వైర్లలోకి పోయిన తడి మూడేళ్ల తర్వాత కూడా ఏడిపిస్తుంది.

కాగితాలు: ఆర్సీ మీద లోన్ ఉంటే బ్యాంకు వాళ్లు సంతకం చేసిన ఫారం 35 కావాలి. పేరు మార్చడానికి ఫారం 29, 30. తమిళనాడు, కర్ణాటక బండి అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, అంటే ఫారం 28. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, తర్వాత ఫారం 25తో ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. మాది 2023లో చేయించాం. ఢిల్లీలో పదేళ్ల డీజిల్ బండ్ల మీద పెట్టిన నిషేధం గురించి భయపెట్టేవాళ్లుంటారు. అది ఢిల్లీ ప్రాంతానిది, మనది కాదు.

టైమింగ్ బెల్ట్

ఈ వ్యాసంలో ఒక్క విషయమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

ఇంజన్‌లో కింద ఒక ఇరుసు తిరుగుతూ పిస్టన్లను పైకీ కిందకీ ఆడిస్తుంది. పైన ఇంకో ఇరుసు తిరుగుతూ వాల్వులను తెరిచి మూస్తుంది. కిందది రెండు చుట్లు తిరిగితే పైది సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఈ రెంటినీ కలిపేది పళ్లున్న రబ్బరు బెల్ట్. గొలుసు కాదు, రబ్బరు. ఈ ఇంజన్‌లో పిస్టన్ పైకొచ్చే చోటికే వాల్వు కిందకి దిగుతుంది. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు వస్తారు కాబట్టి గుద్దుకోరు. బెల్ట్ తెగిన క్షణం పైది ఆగిపోతుంది, కిందది ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పిస్టన్ పోయి తెరిచి ఉన్న వాల్వును కొడుతుంది. వాల్వులు వంగుతాయి, ఇంజన్ పైభాగం, అంటే హెడ్ విప్పాలి. నాయన స్నేహితుడొకాయన బండికి మొగిలి ఘాటులో ఇట్లే అయింది. అరవై వేల పైన ఖర్చు, నెల రోజులు షెడ్డులో. ముందు చిన్న చప్పుడు గానీ, దీపం గానీ ఏ హెచ్చరికా రాలేదట. బెల్ట్ తెగేటప్పుడు అంతే.

అందుకని పాత బండి కొన్నాక, బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లుతో చూపించలేకపోతే, ఇంటికి తెచ్చుకోగానే మార్పించండి. "మొన్ననే మార్చాం సార్" అన్న మాటను లెక్కలో వేసుకోవద్దు. పెట్రోల్ లోగాన్‌లోనూ బెల్టే ఉంది, దానికీ ఇదే వర్తిస్తుంది.

మా పుస్తకంలో మూడు సార్లు ఉంది: 2013లో 58,000 దగ్గర, 2018లో 1,16,000 దగ్గర, 2023లో 1,71,000 దగ్గర. అరవై వేల కిలోమీటర్లు లేదా ఐదేళ్లు, ఏది ముందైతే అది. నాయన పెట్టిన లెక్క ఇది, నేను మార్చలేదు. బండి ఎక్కువ తిరగకపోయినా ఏళ్లు లెక్కే. మన ఎండలకు బానెట్ కింద రబ్బరు ఊరికే నిలబడి కూడా ముసలిదవుతుంది.

2023లో మార్చినప్పుడు నేను దగ్గరే నిలబడ్డాను. మా మెకానిక్ భాయ్ పాత బెల్ట్ తీసి నా చేతికిచ్చాడు. పైకి నల్లగా, నున్నగా బాగానే ఉంది. "వెనక్కి వంచి చూడండి మేడం" అన్నాడు. పళ్లు బయటికి వచ్చేలా వంచాను. ఒక్కో పన్ను మొదట్లో వెంట్రుక మందాన చీలిక. ఎండిన చెరువు అడుగులాగా, వంచితేనే కనిపిస్తుంది, వదిలితే మూసుకుపోతుంది. బండిలో ఉండగా మూత తీసి చూస్తే ఇది కనపడదు. కాబట్టి చూసి బాగుందని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు, కిలోమీటర్లు చూసి మార్చండి.

మార్చేటప్పుడు బెల్ట్ ఒక్కటే తీసుకోవద్దు. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ కూడా కొత్తది వేయించండి. ఈ ఇంజన్‌లో నీళ్ల పంపును తిప్పేది కూడా ఈ బెల్టే. పంపు బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్ట్ కూడా పోతుంది. అక్కడిదాకా విప్పాక పంపుకు మళ్లీ వేరే కూలీ ఉండదు. ఇంకోటి, షెడ్డులో ముందుగానే అడగండి: "లాక్ పిన్నులు ఉన్నాయా అన్నా?" పైచక్రాన్నీ కింది ఇరుసునీ సరైన చోట కదలకుండా పట్టి ఉంచే పిన్నులవి. అవి లేకుండా సుద్దముక్కతో గుర్తు పెట్టి బెల్ట్ ఎక్కించేవాళ్లుంటారు. ఒక్క పన్ను తేడా వచ్చినా బండి పొగ పోస్తుంది, లాగదు. పిన్నులు లేవంటే ఇంకో షెడ్డు చూసుకోండి.

అయిపోయాక తేదీ, కిలోమీటర్లు ఒక స్టిక్కర్ మీద రాయించి బానెట్ లోపల అంటించండి.

ఆయిలు, కూలెంటు, డీజిలు

ఈ ఇంజన్‌కు యూరప్‌లో వచ్చిన చెడ్డపేరు ఒకటుంది. అక్కడ ఆయిల్ మార్చకుండా చాలా దూరం తిప్పేవాళ్లు, దాంతో కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరిగి ఇంజన్లు పోయేవి. ఆయిల్ వేళకు మార్చిన బండ్లు రెండు మూడు లక్షల కిలోమీటర్లు హాయిగా తిరిగాయి. మేం పది వేలకు ఒకసారి మారుస్తాం, 5డబ్ల్యూ-40 ఆయిల్, నాలుగున్నర లీటర్ల దాకా పడుతుంది. ఫిల్టర్ ప్రతిసారీ మారుస్తాం.

ఇక్కడ ఒక చిన్న సంగతి, చాలా షెడ్లలో తెలియదు. రెనో ఇంజన్‌లో ఆయిల్ దించే బోల్టుకు మామూలు ఆరు పలకల తల ఉండదు. లోపలికి నాలుగు పలకల గుంట, 8 మిల్లీమీటర్లది. దానికి వేరే తాళం కావాలి. అది లేనివాళ్లు దొరికిందేదో దూర్చి తిప్పుతారు, గుంట అరిగిపోతుంది, తర్వాతిసారి ఆ బోల్టు రాదు. నేను ఆ తాళం ఒకటి కొని డ్యాష్‌బోర్డ్ అరలోనే పెట్టుకున్నాను. బోల్టు కింద వాషర్ ప్రతిసారీ కొత్తది వేయించండి, లేదంటే ఇంటి ముందు బండల మీద చుక్కలు పడతాయి.

కూలెంటు, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం విషయంలో దెబ్బ తిన్నాను. 2019 మేలో మదనపల్లెలో పెళ్లికని పొద్దున పదకొండుకు బయల్దేరాం. భాకరాపేట ఘాటు ఎక్కుతుంటే లోపలికి ఏదో తియ్యటి వాసన వచ్చింది. పిల్లలు బిస్కట్ ప్యాకెట్ విప్పారేమో అనుకున్నాను. రెండు మలుపుల తర్వాత డ్యాష్‌బోర్డ్ మీద ఎర్ర దీపం వెలిగింది. పక్కకు ఆపి బానెట్ ఎత్తితే రబ్బరు గొట్టం పగిలి ఆవిరి కొడుతోంది. ఆ గొట్టం బండితో వచ్చిందే, పదకొండేళ్లది. అంతకు ముందు ఎక్కడో సర్వీసులో కూలెంటు తక్కువైతే కుళాయి నీళ్లు పోశారని కూడా తర్వాత తెలిసింది. డబ్బా లోపల ఇటుకపొడి రంగు తుప్పు పేరుకుంది.

ఆ రోజు నాయన ఫోన్లో చెప్పిన మాట మంచిదైంది: "మూత తీయొద్దు. గంటసేపు చెట్టు కింద కూర్చోండి." వేడి మీద మూత తీస్తే కాగే నీళ్లు ముఖాన ఎగజిమ్ముతాయి. ఆ తియ్యటి వాసన వస్తే మీరు ఎర్ర దీపం దాకా ఆగొద్దు, వెంటనే ఆపేయండి. పదేళ్లు దాటిన బండి కొంటే రబ్బరు గొట్టాలన్నీ ఒకేసారి మార్పించండి. కూలెంటులో బోరు నీళ్లు కలపొద్దు. మన ప్రాంతం నీళ్లలో సున్నం ఎక్కువ, బిందెల అడుగున తెల్లగా కట్టేదే రేడియేటర్‌లో కూడా కడుతుంది. డిస్టిల్డ్ వాటర్ కొనుక్కోండి.

డీజిల్ గురించి ఎక్కువ లేదు. ఒకే బంకులో, రద్దీ ఉండే బంకులో పోయించండి. ట్యాంకు అడుగంటనివ్వొద్దు. ఫిల్టర్‌ను ఇరవై వేలకు మార్చండి. ఇంజెక్టర్ల బాగు మొత్తం ఆ ఫిల్టర్ మీదే ఉంది.

కొండకు

మా వాడు పలమనేరులో ఉన్నా బండి కొనగానే మొదట పోయేది కొండకే. ఎవరైనా అంతే కదా. కానీ కొత్తగా కొన్న పాత బండితో మొదటి రోజే ఘాటు ఎక్కొద్దు. బెల్టు, ఆయిలు, కూలెంటు, బ్రేకు ఆయిలు చూసుకున్నాక, ఒక వారం కాణిపాకం, చంద్రగిరి, శ్రీకాళహస్తి లాంటి దగ్గర ఊళ్లు తిరిగాక పోండి.

బ్రేకు ఆయిల్ ఎవరూ పట్టించుకోరు. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ త్వరగా మరుగుతుంది, మరిగితే గొట్టాల్లో బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండేళ్లకొకసారి డాట్ 4 కొత్తది ఎక్కించండి.

అలిపిరి దగ్గర అందరూ దిగాలి, సామాన్లన్నీ స్కానర్‌లో పెట్టాలి. 510 లీటర్ల డిక్కీ ఉంది కదా అని నింపుకుపోతే అక్కడ దించి ఎక్కించేసరికి నడుము పడిపోతుంది, సంచులు తక్కువ పెట్టుకోండి. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, స్టీలు సీసాలు తీసుకోండి. లైనులో అడుగడుగునా క్లచ్ సగం నొక్కి నిలబెట్టొద్దు. న్యూట్రల్ చేసి హ్యాండ్ బ్రేక్ వేయండి, ముందు బండి రెండు బారలు కదిలాక కదలండి.

ఎక్కడం రెండో ఘాటు రోడ్డు మీద. 1974లో వేసిన ఈ రోడ్డు వెడల్పుగా ఉంటుంది. ఈ ఇంజన్ బలం నిమిషానికి 2,000 చుట్ల దగ్గర పూర్తిగా వస్తుంది, 160 న్యూటన్ మీటర్లు. దానికన్నా బాగా కిందికి దిగితే ఇంజన్‌లోకి గాలిని తోసే టర్బో పలకదు. మలుపులోకి పోయాక గేరు మార్చడం కాదు, మలుపుకు ముందే రెండుకు దించి తిప్పండి. ఐదుగురూ ఉండి, ముందు బస్సు నత్తలా పోతుంటే సిగ్గుపడకుండా ఒకటి వేయండి. మూడో గేరులో గుడగుడమంటూ లాగించడం ఈ ఇంజన్‌కు పెద్ద శిక్ష, బేరింగుల మీద దెబ్బ పడుతుంది. ఎక్కడానికి 28 నిమిషాల కన్నా తక్కువ పట్టకూడదని నియమం ఉంది కాబట్టి తొందర అవసరం లేదు. పైకి చేరాక వెంటనే తాళం తిప్పేయొద్దు. ఒక నిమిషం ఊరికే ఆడనివ్వండి, టర్బోలో ఆయిల్ తిరిగి కాస్త చల్లబడుతుంది.

దిగడమే అసలు పరీక్ష. దిగేది మొదటి ఘాటు రోడ్డు, 1944లో తెరిచింది, సుమారు 19 కిలోమీటర్లు, ఒకదాని వెంట ఒకటి మలుపులు. దీని మీద మా పిల్లలతో ప్రతి ఏడూ ఒక లెక్క చేయిస్తాను. తిరుమల 853 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి కన్నా సుమారు 700 మీటర్లు పైన. ఐదుగురు కూర్చున్న లోగాన్ బరువు సుమారు 1,500 కిలోలు. బరువు, గురుత్వం, ఎత్తు గుణిస్తే కోటి జౌళ్ల పైమాట. ఆ శక్తి ఎటూ పోదు, కిందికొచ్చేలోగా అంతా వేడిగా మారాలి. ఆ వేడితో ముప్పై లీటర్ల చల్లటి నీళ్లను మరగబెట్టవచ్చు. పొయ్యి మీద ముప్పై లీటర్ల అండాను ఊహించుకోండి. ఆ వేడి మొత్తాన్ని రెండు ముందు డిస్కులకూ రెండు వెనక డ్రమ్ములకూ అప్పజెప్తారా, లేక ఇంజన్‌కు పంచుతారా?

పంచడమంటే రెండో గేరులో దిగడమే. యాక్సిలేటర్ మీద కాలు తీసేయండి, క్లచ్ నొక్కొద్దు. ఇంజన్ బండిని పట్టి ఉంచుతుంది. అప్పుడు డీజిల్ కూడా దాదాపు ఏమీ కాలదు. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నియమం. 19 కిలోమీటర్లకు 40 నిమిషాలంటే గంటకు 28, 29 కిలోమీటర్లు. లోగాన్ రెండో గేరులో 2,000 చుట్ల దగ్గర పోయే వేగం కూడా దాదాపు అంతే. ఈ బండికీ ఆ నియమానికీ అంత బాగా కుదిరింది. వేగం పెరిగితే బ్రేకును గట్టిగా ఒకసారి నొక్కి తగ్గించి పూర్తిగా వదిలేయండి. కాలు బ్రేకు మీదే ఆనించి కిందిదాకా రావద్దు.

డీజిల్ మిగులుతుందని ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో దిగేవాళ్లను నా కళ్లారా చూశాను. దయచేసి ఆ పని చేయొద్దు. డీజిల్ బండిలో బ్రేకుకు బలమిచ్చే వ్యాక్యూమ్ పంపును తిప్పేది ఇంజనే. స్టీరింగు పంపును తిప్పేదీ అదే. ఇంజన్ ఆగాక రెండు మూడు సార్లు నొక్కేసరికి బ్రేకు రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. ఆ మలుపుల్లో అది ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

అలిపిరి దాటి కిందికొచ్చాక బండి పక్కకు ఆపి దిగండి. నాలుగు చక్రాల దగ్గరా అరచేతిని నాలుగు వేళ్ల దూరంలో పెట్టండి, తాకొద్దు. ముందు రెండూ వెనక రెంటి కన్నా వేడిగా ఉండటం మామూలే. కానీ కుడి ఎడమల్లో ఒకటి మాత్రమే సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి వదలడం లేదని అర్థం; ముందు చక్రమైతే డిస్కును నొక్కి పట్టే క్యాలిపర్ చూపించండి. మా వాడు చివరికి ఆ వెరిటో తీసుకున్నాడు, సీటు బెల్టు చివర శుభ్రంగా ఉంది, బెల్టూ పంపూ మార్చాకే కొండకు పోయాడు. దిగాక కింద నుంచి ఫోన్ చేశాడు: "అక్కా, 43 నిమిషాలకు దిగినా. ముందు ఎడమ చక్రం మాత్రం పెనంలా కాలతా ఉంది." అక్కడే గంట సేపు ఆగి చల్లారనిచ్చి, నెమ్మదిగా మా ఇంటికి రమ్మన్నాను. మరుసటి రోజు భాయ్ షెడ్డులో విప్పితే క్యాలిపర్ పిన్నులు రెండూ తుప్పుతో బిగుసుకుపోయి ఉన్నాయి. శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, రబ్బర్లు మార్చి, సాయంత్రానికి పలమనేరు పంపించాం.